నాచెజ్ పాత ఇళ్ళు: ముందు గుమ్మం చూడండి, తర్వాత పెరట్లోకి వెళ్ళండి

మీ ప్రశ్న చదివాను. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు, వాళ్ళని తీసుకుని డల్లాస్ నుంచి మిసిసిపీలో నాచెజ్‌కి రెండు రోజులు వస్తున్నాం, ఫొటోల్లో చూస్తే అన్నీ తెల్ల స్తంభాల ఇళ్ళే, ఏది ఏ స్టైలో ఎలా తెలుస్తుంది, ఒక్క ఇల్లు చూస్తే చాలదా, లాంగ్‌వుడ్ అనే ఇల్లు చూడొచ్చా అన్నారు. నేను జాక్సన్‌లో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను, స్ట్రక్చరల్ ఇంజినీర్ని, అందులో పదిహేనేళ్ళ పైనే పాత ఇటుక ఇళ్ళ రిపేర్ల మీద పనిచేశాను. నాచెజ్‌కి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. ఒక్క ఇల్లు చాలదు. అలాగని పది చూడక్కర్లేదు, నాలుగైదు చాలు, కానీ చూసే పద్ధతి తెలియాలి. అది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఊరి సంగతి. మిసిసిపీ నది ఒడ్డున రెండొందల అడుగుల ఎత్తు గట్టు మీద ఉంటుంది, ఇప్పుడు జనం పద్నాలుగున్నర వేలే, అంటే మన దగ్గర ఒక పెద్ద పంచాయతీ అంత. ఆ పేరు అక్కడి నాచెజ్ జాతి వాళ్ళది. ఫ్రెంచి వాళ్ళు 1716లో వచ్చి కోట కట్టారు, తర్వాత బ్రిటిష్ వాళ్ళు, తర్వాత స్పెయిన్ వాళ్ళు, 1798 నాటికి అమెరికా చేతికొచ్చింది. ఇన్ని చేతులు మారిన ఊరు కాబట్టి మొదటి ఇళ్ళు ఒక రకంగా, తర్వాతవి ఇంకో రకంగా ఉంటాయి. అసలు డబ్బంతా పత్తిది. పొలాలు చాలావరకు నదికి అవతల లూసియానా వైపు, బురద నేలల్లో ఉండేవి, దొరలు మాత్రం ఇవతల ఎత్తు మీద గాలి తగిలేచోట ఇళ్ళు కట్టుకున్నారు. అంటే ఈ ఊళ్ళో మీరు చూసే పెద్ద బంగళాల చుట్టూ పత్తి చేలు ఉండేవి కాదు, ఇవి ఊరి ఇళ్ళు, ఊరి అంచు ఇళ్ళు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

మరి అన్ని ఇళ్ళు ఎలా మిగిలాయి అంటే, సివిల్ వార్‌లో ఈ ఊరు 1862లో పోరాటం లేకుండానే లొంగిపోయింది, 1863 జులై నుంచి యూనియన్ సైన్యం, అంటే ఉత్తరాది వైపు సైన్యం, ఇక్కడే మకాం వేసింది, అందుకని తగలబడలేదు. అది సగం కారణమే. మిగతా సగం పేదరికం. 1907లో పత్తికాయని తొలిచే ముక్కు పురుగు, బోల్ వీవిల్ అంటారు, ఈ ప్రాంతానికి వచ్చి పత్తిని నాశనం చేసింది. పత్తికి పురుగొస్తే ఊరు ఎలా అవుతుందో మన గుంటూరు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకునే డబ్బు ఎవరి దగ్గరా లేదు, అందుకే నిలిచాయి. తర్వాత 1932లో ఇక్కడి గార్డెన్ క్లబ్ ఆడవాళ్ళు ఇళ్ళు తెరిచి టికెట్ పెట్టి చూపించడం మొదలుపెట్టారు, పిల్‌గ్రిమేజ్ అంటారు, ముందు ఏడాది తోటలు చూపిద్దామనుకుంటే మంచు పడి పూలన్నీ మాడిపోయి, సరే ఇళ్ళైనా చూపిద్దాం అని తలుపులు తీస్తే జనం ఇళ్ళకే పడిపోయారు.

ఇప్పుడు స్టైల్ విషయం. స్తంభాలు చూసి కాలం చెప్పబోతే తప్పుతారు, ఎందుకంటే ఇళ్ళకి తర్వాత ఎప్పుడో స్తంభాలు తగిలించినవాళ్ళు కూడా ఉన్నారు. గుమ్మం చూడండి. తలుపు పైన అద్దం విసనకర్రలా, అర్ధచంద్రంలా విచ్చుకుని ఉంటే అది ఫెడరల్ స్టైల్, సుమారు 1800 నుంచి 1830 దాకా. అదే చోట అద్దం అడ్డంగా పొడుగ్గా దీర్ఘచతురస్రంలా ఉండి, తలుపుకి రెండు పక్కలా కూడా నిలువు అద్దాలుంటే గ్రీక్ రివైవల్, 1830ల నుంచి 1850ల దాకా. చూరు కింద చెక్కిన బ్రాకెట్లు వరసగా కనిపించి, కిటికీలు పైన గుండ్రంగా ఉంటే ఇటాలియనేట్ గాలి తగిలిందని, అంటే 1850లు, ఆ తర్వాత. ఇంటి ముందు భాగం ఎడమ కుడి సమానంగా లేకుండా ఒక మూల బురుజు, చుట్టూ వరండా, చెక్క లేసుల్లాంటి పని ఉంటే క్వీన్ ఆన్, అది సివిల్ వార్ తర్వాత రైళ్ళూ రంపపు మిల్లులూ వచ్చాక, 1880లు 1890లు. ఈ ఒక్క లెక్కతో ఊళ్ళో ముప్పాతిక వంతు ఇళ్ళకి కాలం చెప్పేయొచ్చు.

వరసలో చూస్తే అన్నిటికంటే ముందుది హౌస్ ఆన్ ఎలికాట్స్ హిల్, 1798 నాటిది. అమెరికా సర్వేయర్ ఆండ్రూ ఎలికాట్ 1797లో స్పెయిన్ వాళ్ళ మాట కాదని జెండా ఎగరేసింది ఈ దిబ్బ మీదే, ఇల్లు తర్వాత వచ్చింది. దీనికి పెద్ద స్తంభాలు ఉండవు, సన్నటి కర్ర స్తంభాలతో రెండంతస్తుల వరండా, పైన కప్పు వరండా మీదకి కిందకి వాలి ఉంటుంది. ఇది గ్రీసు నుంచి వచ్చింది కాదు, కరీబియన్ దీవుల ఎండా వానా నేర్పిన కట్టుబడి. మీ నాన్నగారికి ఇది చూస్తే మన పెంకుటిళ్ళ వసారా గుర్తొస్తుంది, ఎండ గోడకి తగలకూడదు, వానకి కిటికీ మూయాల్సిన పని ఉండకూడదు అనే ఆలోచన ఒకటే కదా.

తర్వాత ఆబర్న్, 1812. దీన్ని కట్టిన లెవీ వీక్స్‌ది పెద్ద కథ, 1800లో న్యూయార్క్‌లో ఒకమ్మాయి హత్య కేసులో ముద్దాయి, అప్పటి పేరుమోసిన రాజకీయ నాయకులు అలెగ్జాండర్ హామిల్టన్, ఆరన్ బర్ ఇద్దరూ కలిసి ఆయన తరఫున వాదించి నిర్దోషిగా బయటపడేశారు, అయినా అక్కడ ఉండలేక చివరికి ఇంత దూరం వచ్చి పడ్డాడు. రెండంతస్తుల ఎత్తు నిలువు స్తంభాల పోర్టికో, అంటే ముఖమండపం, ఈ ఊళ్ళో మొదలైంది ఆయన చేతిమీదే. లోపల మెలికల మెట్లు ఉన్నాయి, కింద ఆధారం ఏమీ లేకుండా గాల్లో తేలినట్టు పైకి పోతాయి. ఇంజినీర్ని కాబట్టి చెప్తున్నా, ప్రతి మెట్టూ కింది మెట్టు మీద బరువు వేస్తూ, బయటి అంచు దూలం మెలితిరిగిన స్ప్రింగులా పనిచేస్తుంది, రెండొందల ఏళ్ళు దాటినా నిలబడింది. కింద నిలబడి పైకి తలెత్తి ఓ రెండు నిముషాలు చూడండి.

రోజలీ 1823 నాటిది, నది గట్టు మీద. సామిల్లు ఓనర్ పీటర్ లిటిల్ కట్టించాడు. ఇటుక పెట్టె లాంటి చదరపు ఇల్లు, ముందు నాలుగు స్తంభాలు, వెనక ఇంటి పొడవునా స్తంభాల వరండా, గుమ్మం మీద మాత్రం ఇంకా విసనకర్ర అద్దమే. అంటే ఫెడరల్ పోతూ గ్రీక్ వస్తున్న సంధి కాలం. తర్వాత ముప్పై ఏళ్ళు ఊళ్ళో డబ్బున్నవాళ్ళంతా ఇదే నమూనా పట్టుకున్నారు, అందుకే మీకు ఫొటోల్లో అన్నీ ఒకేలా కనిపించింది, మీ తప్పు కాదు. ఇలాంటివాటిలో డన్‌లీత్ మాత్రం వేరు, 1856, నాలుగు వైపులా తిరిగి ఇరవై ఆరు స్తంభాలు, గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు తిరగొచ్చు. స్టాంటన్ హాల్ 1857, ఊరి మధ్యలో మొత్తం ఒక బ్లాక్. ఐర్లాండ్ నుంచి వచ్చి పత్తి వ్యాపారంలో సంపాదించిన ఫ్రెడరిక్ స్టాంటన్ కట్టించాడు, ముందు కొరింథియన్ స్తంభాలు, అంటే తలమీద ఆకుల గుత్తులు చెక్కినవి, లోపల పాలరాతి పని. ఇంత కట్టించి 1859లోనే పోయాడు పాపం. బాగుంటుంది కానీ టైం తక్కువైతే దీన్ని బయటి నుంచి చూసినా పర్లేదు అంటాను.

అసలు టైం పెట్టాల్సింది మెల్‌రోజ్‌కి. జాన్ మెక్‌మరన్ అని పెన్సిల్వేనియా నుంచి వచ్చిన లాయరు 1840ల్లో కట్టించుకున్నది, గ్రీక్ రివైవల్ అంటే ఇది చూస్తే చాలు, అతి లేదు, కొలత తప్పలేదు. ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో చారిత్రక పార్క్‌గా ఉంది, ఆ కాలపు సామాను చాలావరకు అక్కడే ఉంది. లోపలికి వెళ్ళాక ముందు గుమ్మంలో నిలబడి వెనక గుమ్మం వైపు చూడండి, సూటిగా కనిపిస్తుంది, మధ్యలో వెడల్పాటి హాలు. రెండు తలుపులూ తీస్తే ఆ హాలే గాలి గొట్టం అవుతుంది. మనం మండువా పైకి తెరిచి వేడి పంపించేస్తే వీళ్ళు అడ్డంగా పంపించారన్నమాట. కప్పు అంత ఎత్తు పెట్టింది కూడా దర్జా కోసమే కాదు, వేడిగాలి మనిషి తల మీద నుంచి పైకి పోవాలని. కొన్ని ఇళ్ళలో కిటికీ కింద గోడకి చిన్న చెక్క తలుపులుంటాయి, కిటికీ పైకి ఎత్తి ఆ తలుపులు తీస్తే కిటికీయే గుమ్మం అయిపోయి వరండాలోకి నడిచెళ్ళొచ్చు, గైడ్‌ని అడిగి చూపించమనండి.

మెల్‌రోజ్ భోజనాల గదిలో బల్ల మీద కప్పు నుంచి పెద్ద చెక్క పలక వేలాడుతుంటుంది, మహాగనీ కర్ర, నగిషీ చేసింది. దాని పేరు అక్కడ కూడా పంకానే. మన మాటే, ఇండియాలో తెల్లదొరల బంగళాల నుంచి ఇంగ్లీషులోకి ఎక్కి ఇక్కడిదాకా వచ్చింది. మా నాన్న కోర్టులో గుమస్తా చేసి రిటైరయ్యారు, కరెంటు రాకముందు కోర్టు హాల్లో పంకా లాగే మనుషులుండేవాళ్ళని వాళ్ళ పెద్దల దగ్గర విన్నారు. ఆయన్ని ఇక్కడికి తీసుకొస్తే గైడ్ ఇంకా నోరు విప్పకముందే పంకాకి కట్టిన తాడు వెంట చూపు పోనిచ్చి, గది మూలదాకా చూసి, లాగేవాడు ఎక్కడ నిలబడేవాడురా అని అడిగారు. ఆ మూలే. బానిస కుటుంబంలో పిల్లవాడు, తినేవాళ్ళ మీద ఈగ వాలకుండా భోజనం అయ్యేదాకా తాడు లాగుతూ నిలబడాలి. ఆ గదిలోకి వచ్చిన జనం వెండి గిన్నెలూ కర్టెన్లూ ఫొటోలు తీసుకుంటుంటే మా నాన్న ఆ మూలనే చూస్తూ ఉండిపోయారు, నాకది ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

అక్కడి నుంచి వెనక్కి వెళ్ళండి. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. ఏ పాత ఇంటికైనా ముందు భాగం ఊరికోసం కట్టింది, ఇల్లు నిజంగా నడిచింది పెరట్లో. మెల్‌రోజ్ వెనక వరండాలో పిలుపు గంటలు వరసగా వేలాడుతుంటాయి, ఒక్కోటి ఒక్కో స్వరం, ఏ గదిలో తీగ లాగితే ఆ గంట మోగుతుంది, స్వరాన్ని బట్టి ఎవరు ఎక్కడికి పరిగెత్తాలో తెలియాలి. గదుల్లో నుంచి చూస్తే ఆ గంటలు కనపడవు. ఎదురుగా పెరటికి రెండు పక్కలా రెండంతస్తుల ఇటుక కట్టడాలు, ఒకటి వంటిల్లు, ఒకటి పాల ఇల్లు, పైన ఆ పనివాళ్ళు పడుకునే గదులు. వంటిల్లు విడిగా కట్టింది నిప్పు భయానికీ వేడికీ. వాటికి కూడా పెద్దింటి వైపు స్తంభాలు పెట్టారు, ఎందుకంటే అవి దొరగారి కంటికి కనపడతాయి. ఇంకా దూరంగా, చూపుకి అందని చోట ఉన్న బానిసల ఇళ్ళు మాత్రం మామూలు చెక్క గుడిసెలు. ఒకే ఆవరణలో కట్టుబడి ఎవరి కంటి కోసం ఎంత మారిందో అక్కడ నిలబడితే ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. చాలామంది టూరిస్టులు లోపలి టూర్ అవగానే కారెక్కేస్తారు, దయచేసి మీరు అలా చేయకండి.

స్టేట్ స్ట్రీట్‌లో విలియం జాన్సన్ ఇల్లు కూడా అదే పార్క్ కింద ఉంది. ఈయన బానిసగా పుట్టి 1820లో పదకొండేళ్ళప్పుడు స్వేచ్ఛ పొందిన మంగలి, ఊళ్ళో షాపులు నడిపాడు, 1835 నుంచి 1851 దాకా డైరీ రాశాడు. 1840 మే 7న టోర్నడో వచ్చి మూడొందల మందికి పైగా పోయారు, చాలావరకు నదిలో పడవల మీదున్న వాళ్ళే. ఆ కూలిన కట్టడాల ఇటుకలు తెచ్చి ఈ ఇల్లు కట్టుకున్నాడు. కింద అద్దెకిచ్చి పైన కాపురం, మన బజారు ఇళ్ళ లాగే. స్తంభాల్లేవు, ఆర్భాటం లేదు, వీధికి ఆనుకుని నిలబడ్డ ఇటుక గోడ. ఆయన కూడా బానిసల్ని కొన్నాడు, ఆ సంగతి పార్క్ వాళ్ళు దాచరు. 1851లో పొలం హద్దు తగాదాలో ఆయన్ని చంపేశారు. సాక్షులు నల్లవాళ్ళు, ముద్దాయి నేను తెల్లవాణ్ణి అన్నాడు, తెల్లవాడి మీద నల్లవాడి సాక్ష్యం చెల్లదు కాబట్టి వదిలేశారు. ఊరి నిజం ఈ చిన్న ఇంట్లో తెలిసినంత పెద్ద బంగళాల్లో తెలియదు.

లాంగ్‌వుడ్ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు, వెళ్ళండి. ఫిలడెల్ఫియా ఆర్కిటెక్ట్ శామ్యూల్ స్లోన్ గీసిన ఎనిమిది పలకల ఇల్లు, పైన ఉల్లిపాయ ఆకారం గోపురం, గ్రీసూ రోమూ కాదు, తూర్పు దేశాల ఊహ. హాలర్ నట్ 1860లో మొదలెట్టాడు, 1861లో యుద్ధం రాగానే ఉత్తరాది పనివాళ్ళు సామాన్లు పడేసి వెళ్ళిపోయారు. ముప్పై రెండు గదుల ప్లాన్‌లో కింది అంతస్తు తొమ్మిది గదులే పూర్తయ్యాయి, అవి కూడా ఆయన బానిసలు పూర్తి చేసినవి, కుటుంబం అందులోనే సర్దుకుంది. నట్ 1864లో పోయాడు. పై అంతస్తులు ఇప్పటికీ ఒట్టి ఇటుకా దూలాలే, పనిముట్లు కూడా ఉండిపోయాయి. మిగతా ఇళ్ళలో ప్లాస్టర్ కింద ఏముందో మనకి కనపడదు, ఇక్కడ ఎముకలన్నీ బయటే. కట్టుబడి అర్థం కావాలంటే ఇంతకంటే మంచి క్లాస్‌రూమ్ లేదు.

ఇటుక దగ్గరికి వచ్చాం కాబట్టి నా వృత్తి మాట ఒకటి. ఇవన్నీ చేత్తో అచ్చుపోసి, అక్కడే బట్టీ పెట్టి కాల్చిన మెత్తటి ఇటుకలు, చేసింది బానిసలు. మిసిసిపీలోనే ఒక ఇంటి పునాది రిపేర్ చేస్తుంటే ఒక ఇటుక చేతిలోకి తీసుకున్నాను, పక్క అంచున మూడు వేళ్ళ గుర్తులు, పచ్చిగా ఉన్నప్పుడు ఎత్తి ఎండకి పెట్టిన చెయ్యి. నా చిటికెన వేలు కూడా అందులో పట్టలేదు, అంత చిన్న చెయ్యి. ఆ ఇటుకని గుర్తులు బయటికి కనపడేలా తిరిగి పెట్టించాను. మీరు చూసే ఇళ్ళలో గోడ మొదట్లో నెమ్మదిగా చూస్తూ వెళ్ళండి.

ఇటుకల మధ్య ఉన్నది సున్నం, సిమెంటు కాదు. సున్నం మెత్తగా ఉండి గోడలో చెమ్మని తన గుండా బయటికి వదిలేస్తుంది. తెలియని కాంట్రాక్టర్లు పోర్ట్‌లాండ్ సిమెంటుతో పాయింటింగ్ చేస్తారు, అంటే ఇటుకల సందులు నింపుతారు, అది గట్టిది, చెమ్మ దాంట్లోంచి పోలేక ఇటుకలోంచి పోతుంది, కొన్నేళ్ళలో ఇటుక మొహం పొరలుగా ఊడిపోతుంది. నా కళ్ళముందే ఒక ఇంటి గోడ అలా పాడైంది, మళ్ళీ బాగుచేయడానికి ఇటుకకి ఇటుక విప్పాల్సొచ్చింది. మన డంగు సున్నం మేస్త్రీలకి ఈ మాట చెప్తే నవ్వుతారు, వాళ్ళకి ఎప్పటి నుంచో తెలుసు. ఊళ్ళో నడిచేటప్పుడు సందులు పొంగి ఇటుక లోపలికి తిన్నట్టుంటే సిమెంటు పడిందని గుర్తు.

గైడ్లు చెప్పేవాటిలో ఒక్కటి నమ్మకండి, బట్టలు పెట్టుకునే చిన్న గదులు, అంటే క్లోజెట్లు, కడితే గదిగా లెక్కేసి పన్ను వేసేవాళ్ళు కాబట్టి కట్టలేదంటారు. అలాంటి పన్ను లేదు. బట్టలు పెద్ద చెక్క బీరువాల్లో పెట్టుకునేవాళ్ళు, అంతే.

రెండు రోజుల్లో అయితే మొదటి రోజు పొద్దున ఎలికాట్స్ హిల్, తర్వాత జాన్సన్ ఇల్లు, రోజలీ, సాయంత్రం నది గట్టు మీద నడక. రెండో రోజు మెల్‌రోజ్‌కి కనీసం రెండు గంటలు, ఆ తర్వాత లాంగ్‌వుడ్. ఓపికుంటే ఆబర్న్. పెద్ద ఇళ్ళకే పరిమితం కాకుండా కారులో పక్క వీధులు కూడా తిరగండి, ఒకే గది వెడల్పుతో గది వెనక గదిగా వెనక్కి పోయే చిన్న చెక్క ఇళ్ళు కనిపిస్తాయి, షాట్‌గన్ ఇళ్ళంటారు, హైతీ మీదుగా ఆఫ్రికా నుంచి వచ్చిన కట్టుబడి అని చాలామంది పండితులు చెప్తారు. వాటి ముందు ఆగి చూసేవాళ్ళు తక్కువ. అమ్మానాన్నలతో కాబట్టి జులై ఆగస్టు వద్దు, మార్చి ఏప్రిల్ గానీ అక్టోబర్ గానీ పెట్టుకోండి, వసంతంలో అయితే మామూలుగా తెరవని సొంత ఇళ్ళు కూడా కొన్ని తెరుస్తారు.

ఊళ్ళోకి వెళ్ళేటప్పుడో వచ్చేటప్పుడో ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ దగ్గర ఆగండి, టికెట్ లేదు. డీప్ సౌత్ అనే దక్షిణాది దిగువ రాష్ట్రాల్లో న్యూ ఆర్లీన్స్ తర్వాత అంత పెద్ద బానిసల సంత ఇదే, 1863 దాకా నడిచింది. 2021లో పార్క్‌లో కలిపారు. చూడటానికి ఇల్లేమీ మిగల్లేదు, గడ్డి, కొన్ని బోర్డులు, నేలలో కాంక్రీట్‌లో పాతిన సంకెళ్ళు. నేను ఎవరిని తీసుకెళ్ళినా ముందు ఇక్కడికి తీసుకొచ్చి, తర్వాతే మెల్‌రోజ్‌కి తీసుకెళ్తాను.